పల్నాటి బసలు

పల్నాడులో పరదేశికి బస ఇచ్చిన ఇళ్ళలో, ఆధారం దొరికినంతలో, పాతవి నాగార్జునకొండ విహారాలు. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అంటే ఈ నాగార్జునకొండ దగ్గరే, సింహళ భిక్షువులు ఉండేవారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది. నడుమ స్తంభాల మండపం, చుట్టూ ఒంటి మనిషికి సరిపడే ఇటుక గదులు: 1954-60 తవ్వకాల్లో బయటపడ్డ విహారాల తీరు ఇది.

డబ్బు తీసుకుని అన్నం పెట్టే పూటకూటిల్లు తర్వాతి కాలపుది. దాని గురించి మనకున్న గొప్ప సాక్ష్యం వినుకొండ వల్లభరాయని పేరున్న క్రీడాభిరామం అనే కావ్యం. అందులోని ఊరు ఓరుగల్లు. ఒక్క రూకకు కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, నెయ్యి, అరటిపళ్ళు వడ్డించేవారట. జొన్నకూడే ఆధారమైన నాటి పల్నాటివారికి అది పండగ భోజనమే.

యాత్రికులకు సత్రాలే దిక్కు. శివక్షేత్రమైన కోటప్పకొండ కింద చాలా సత్రాలు కులాల పేరనే వెలిశాయి. అవి ఎందరినో ఆదుకున్న మాట నిజం, గుమ్మం దగ్గర కులం అడిగిన మాటా నిజం. ఈ రెండోదాన్ని దాచిపెడితే సత్రాల చరిత్ర చెప్పినట్టు కాదు.

ఇంగ్లీషువాళ్ళ ట్రావెలర్స్ బంగళాలు ప్రధానంగా క్యాంపుకొచ్చే అధికారుల కోసం. 1921లో పుల్లరిపై (అడవిలో పశువుల మేతకు కట్టే పన్నుపై) ఉద్యమం రేగినప్పుడు పల్నాటి పల్లెలు ఆ అధికారులకు సామాన్లూ, చాకిరీ అందకుండా కట్టడి చేశాయి. గది ఉంటే చాలదు, ఊరు ఆదరిస్తేనే బస.

19వ శతాబ్దం చివర నరసరావుపేటకు, తర్వాత మాచర్లకు రైలు వచ్చింది. పత్తి, మిరప బేరగాళ్ళు, కోర్టు వాయిదాలకొచ్చే రైతులు రాత్రి ఎక్కడో తలదాచుకోవాల్సి వచ్చేది. అలా నిలదొక్కుకున్నదే పాతకాలపు లాడ్జి. వీధి వైపు వసారా, ఇరుకు మెట్లు, పిడుగురాళ్ళ సున్నం కొట్టిన మందపు గోడలు, ఇనుప ఊచల కిటికీ, చిలక్కొయ్యలు, నవారు మంచం, మూలన కూజా. నేలకు మాచర్ల, దాచేపల్లి వైపు నాపరాళ్ళు. ఎండాకాలం సాయంత్రం వాటిమీద నీళ్ళు చల్లి, ఆరాక చాప పరుచుకుంటే మంచం అక్కర్లేదు. ఈ సొగసు ఏ శిల్పీ గీసింది కాదు, ఇక్కడి రాయీ ఎండా నేర్పింది. ఏసీ గదుల పేరుతో అలాంటి నేల తవ్వి టైల్స్ వేయడం నిజంగా నష్టమే.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగాక దాని కుడిగట్టున ఉన్న విజయపురి సౌత్ ఇంజనీర్లకూ, పిమ్మట పర్యాటకులకూ మజిలీ అయింది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట పల్నాడు జిల్లా కేంద్రమై, కార్యాలయాల పనిమీద వచ్చేవారికీ మజిలీ అయింది. కోటప్పకొండ సత్రాలు మాత్రం ఇప్పటికీ శివరాత్రి తిరునాళ్ళకు కిటకిటలాడతాయి.