నంద్యాల లోక్‌సభ నియోజకవర్గం: ఎల్లలు, ఎన్నికలు

నల్లమల కొండలకు పడమటగా, కుందూ నది పారే నేలలో ఉన్న నంద్యాల లోక్‌సభ నియోజకవర్గం పేరు దేశ రాజకీయాల్లో రెండుసార్లు మారుమోగింది. ఇక్కడ గెలిచిన ఒకరు కొన్ని నెలల్లోనే రాష్ట్రపతి కాగా, అప్పటికే ప్రధానిగా ఉన్న మరొకరు ఇక్కడి ఓట్లతో లోక్‌సభలో అడుగుపెట్టారు. అయితే ఈ ప్రాంతపు పాలనను దీర్ఘకాలంలో మార్చింది ఆ గెలుపులు కావనీ, కాలానుగుణంగా జరుగుతూ వచ్చిన నియోజకవర్గపు ఎల్లలేననీ ఏడు దశాబ్దాల చరిత్ర తెలుపుతుంది.

1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగే నాటికి, నంద్యాల భాగంగా ఉన్న కర్నూలు జిల్లా ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ ఎన్నికల్లో నంద్యాల నుంచి స్వతంత్ర అభ్యర్థి రాయసం శేషగిరిరావు గెలిచారు. తరువాతి రెండు ఎన్నికల్లో ఈ పేరుతో లోక్‌సభ స్థానమే లేదు. 1967లో తిరిగి ఏర్పడినప్పుడు, సంజామల గ్రామంలో పుట్టిన కాంగ్రెస్ నాయకుడు పెండేకంటి వెంకటసుబ్బయ్య ఇక్కడ గెలిచి, 1971లోనూ ఆ స్థానాన్ని నిలుపుకున్నారు. ఆయన అనంతర కాలంలో కేంద్ర మంత్రిగా, బీహార్, కర్ణాటక రాష్ట్రాల గవర్నరుగా పనిచేశారు.

1977లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయినా, ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే దక్కాయి. మిగిలిన ఒక్కటీ నంద్యాల. జనతా పార్టీ అభ్యర్థిగా ఇక్కడ నెగ్గిన నీలం సంజీవరెడ్డి పొరుగున ఉన్న అనంతపురం జిల్లాలోని ఇల్లూరు గ్రామస్థుడు. ఆయన మార్చిలో లోక్‌సభ స్పీకరుగా ఎన్నికై, జూలై 25న రాష్ట్రపతిగా ప్రమాణం చేయడంతో నంద్యాల స్థానం కొద్ది నెలలకే ఖాళీ అయింది.

పద్నాలుగేళ్ల తరువాత ఇలాంటి ఘట్టమే మరో రూపంలో ఎదురైంది. 1991 జూన్‌లో ప్రధాని అయిన పి.వి. నరసింహారావు అప్పటికి పార్లమెంటు సభ్యుడు కారు. సభ్యులు కాని మంత్రులు ఆరు నెలల్లోగా ఏదో ఒక సభకు ఎన్నిక కావాలని రాజ్యాంగం 75వ అధికరణం విధిస్తుంది కనుక, నంద్యాల నుంచి అప్పుడే గెలిచిన గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి ఆయనకు దారి ఇచ్చారు. తెలుగువాడు ప్రధాని అయినందున ఎన్.టి. రామారావు తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. నవంబరులో జరిగిన ఆ ఉపఎన్నికలో పి.వి.కి 6,26,241 ఓట్లు రాగా, భారతీయ జనతా పార్టీ అభ్యర్థి బంగారు లక్ష్మణ్‌కు 45,944 వచ్చాయి. 5,80,297 ఓట్ల ఆ ఆధిక్యత అప్పటికి దేశంలో రికార్డు. అది 2004లో పశ్చిమ బెంగాల్‌లోని ఆరాంబాగ్ ఫలితంతో చెరిగిపోయింది. ప్రధాన ప్రతిపక్షం పోటీలో లేనప్పుడు వచ్చిన ఈ అంకెను స్థానిక బలాబలాలకు కొలమానంగా తీసుకోలేమనడానికి 1996 ఎన్నికే నిదర్శనం. తెలుగుదేశం పక్షాన భూమా నాగిరెడ్డి పోటీకి దిగిన ఆ ఎన్నికలో పి.వి. ఆధిక్యత లక్షకు లోపే నిలిచింది. అప్పుడే ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచిన ఆయన ఆ స్థానాన్ని ఉంచుకొని నంద్యాలను వదులుకోగా, ఉపఎన్నికలో నాగిరెడ్డి గెలిచి, 1998లోనూ, 1999లోనూ నెగ్గారు.

ఇన్ని ఎన్నికలు జరిగిన నియోజకవర్గం కర్నూలు జిల్లాకు మాత్రమే పరిమితం కాలేదు. లోక్‌సభ స్థానం కింద ఉండే శాసనసభ నియోజకవర్గాలను సెగ్మెంట్లు అంటారు. 2004 వరకు నంద్యాల, ఆళ్లగడ్డ, ఆత్మకూరు, నందికొట్కూరు, పాణ్యం, కోయిలకుంట్లతో పాటు గిద్దలూరు కూడా ఇక్కడి సెగ్మెంటే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు గిద్దలూరు కర్నూలు జిల్లా నుంచి వేరుపడినా, ఓటు విషయంలో మాత్రం నల్లమలకు ఆవలి ఆ ప్రాంతం నంద్యాలతోనే కలిసి ఉంది. 2001 జనగణన ఆధారంగా జస్టిస్ కుల్దీప్ సింగ్ సంఘం జరిపిన పునర్విభజనతో, అంటే జనాభాను బట్టి నియోజకవర్గాల గీతలను తిరిగి గీయడంతో, 2009 ఎన్నికల నాటికి గిద్దలూరు ఒంగోలు స్థానంలోకి, అంతవరకు కర్నూలు స్థానంలో ఉన్న డోన్ నంద్యాలలోకి మారాయి. ఆత్మకూరు, కోయిలకుంట్ల పేర్లు పోయి శ్రీశైలం, బనగానపల్లె వచ్చాయి. నందికొట్కూరు షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది.

2004 నుంచి వరుసగా మూడుసార్లు గెలిచిన ఎస్.పి.వై. రెడ్డి రెండుసార్లు కాంగ్రెస్ పక్షాన, 2014లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పక్షాన నిలిచారు. నంద్యాలలో పైపుల పరిశ్రమ స్థాపించి పేరు తెచ్చుకున్న ఆయన, 2019లో జనసేన అభ్యర్థిగా పోటీ చేసి, పోలింగుకూ లెక్కింపుకూ మధ్య మరణించారు. ఆ ఎన్నికలో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌కు చెందిన పోచా బ్రహ్మానందరెడ్డి, 2024లో తెలుగుదేశానికి చెందిన బైరెడ్డి శబరి గెలిచారు.

అప్పటివరకు జిల్లా గీతలకు కొంత లోబడి, కొంత తప్పుకొని సాగిన నియోజకవర్గమే 2022 ఏప్రిల్ 4న జిల్లాకు కొలబద్ద అయింది. లోక్‌సభ స్థానాలు ప్రాతిపదికగా రాష్ట్రాన్ని 26 జిల్లాలుగా విభజించినప్పుడు నంద్యాల జిల్లా కేంద్రమైంది. కలెక్టరు కార్యాలయం కోసం కర్నూలు దాకా వెళ్లవలసిన అవసరం శ్రీశైలం, ఆళ్లగడ్డ ప్రాంతాల ప్రజలకు తీరింది. అయినా రెండు గీతలు పూర్తిగా ఒకటి కాలేదు. పాణ్యం సెగ్మెంటులోని పాణ్యం, గడివేముల మండలాలు నంద్యాల జిల్లాలో చేరగా, కర్నూలు నగరాన్ని ఆనుకొని ఉన్న కల్లూరు, ఓర్వకల్లు కర్నూలు జిల్లాలోనే ఉండిపోయాయి. అక్కడి ఓటరు నంద్యాల ఎంపీని ఎన్నుకుంటూ, అర్జీలను కర్నూలు కలెక్టరుకు పెట్టుకుంటాడు. జిల్లా హద్దును రాష్ట్ర ప్రభుత్వం, నియోజకవర్గపు హద్దును పునర్విభజన సంఘం వేర్వేరు చట్టాల కింద నిర్ణయిస్తాయి కనుక, మరో పునర్విభజన జరిగితే నియోజకవర్గం మళ్లీ జిల్లా దాటి జరగవచ్చు గాని, దాని మూలంగా నంద్యాలకు దక్కిన జిల్లా కేంద్రం హోదా దానితో పాటు జరగదు.