తకావీ అప్పు మొదలు సబ్సిడీ దాకా

కావలి మొదలు తడ దాకా మన సముద్రపుటొడ్డున నేల అంతా ఒక తీరు కాదు. పెన్న కాలువ కింద మాగాణి కయ్యలున్నవి. మరి కాస్త తూర్పుకు నడిస్తే ఇసుక దిబ్బలు, ఉప్పునీళ్లు. ఈ నేలను కాపాడుకొనే పనికి సర్కారు సొమ్ము ఎప్పటినుంచి వస్తున్నది, ఎవరి చేతికి వస్తున్నది అన్నది ఈవేళ మనం చెప్పుకోబోయే సంగతి.

ఆనకట్టలు సర్కారువారు తామే కట్టించారు. నెల్లూరు ఆనకట్ట 1855లోను, సంగం ఆనకట్ట 1886లోను పూర్తి అయినవి. ఆ పాతవాటికి బదులు కట్టిన బ్యారేజీలు రెండూ 2022 సెప్టెంబరులో ప్రారంభమయినవి. అది కాలువ అందినవారి కథ. అందని మెట్టవాడి మాటేమిటి?

1876-78 నాటి ధాత కరువులో చెన్నరాజధాని అంతా అల్లాడిపోయింది. పని చూపి కూలి ఇచ్చే పద్ధతిన ఆనాడు చెన్నపట్నంలో అడయారు, కూవం నదులను కలిపి కాలువ తవ్వించారు. మన ఊళ్ల వెంట పోయే బకింగ్‌హాం కాలువకు ఆనాటి గవర్నరుగారి పేరు ఆ రోజులలోనే వచ్చినది. తరువాత కరువు కమిషన్ వారు 1880లో నివేదిక ఇచ్చారు. దాని వెనుకనే 1883లో భూమి అభివృద్ధి అప్పుల చట్టము, 1884లో విత్తనాలు, పశువుల కొనుగోలు వంటి అవసరాలకు వ్యవసాయదారుల అప్పుల చట్టము వచ్చినవి. వీటినే మన పెద్దలు తకావీ అన్నారు. బలం చేకూర్చడమని ఆ మాటకు అర్థం.

1883 చట్టాన్ని తీసి చదివితే ఆశ్చర్యం వేస్తుంది. బావి, చెరువు తవ్వుకోవచ్చునట. మురుగు నీరు తీసివేయవచ్చు. వరద నుంచి, కోత నుంచి నేలను కాపాడుకోవచ్చు. నేల సంరక్షణ అని ఈనాడు మనం అంటున్న పనులు చాలా వరకు అందులోనే ఉన్నవి. ఆ అప్పుతో నేల బాగుపడితే, పెరిగిన ఆ విలువ మీద కొంత కాలం శిస్తు వేయరాదనే మాట కూడా ఉన్నది. మంచిదే! కాని బాకీ పడితే భూమిశిస్తు బకాయి లాగానే వసూలు చేస్తారు. ఇక అప్పు ఎవరికి? నేలను బాగుచేసే హక్కు ఉన్నవాడికి, లేదా అతని సమ్మతితో మరొకరికి. ఈ 'సమ్మతి' అనే మాటను గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇంతకీ ఎంత సొమ్ము చేరింది? 1951-52లో దేశమంతటా గ్రామీణ పరపతి సర్వే జరిగినది. రైతు చేసిన అప్పులలో సర్కారు ఇచ్చినది నూటికి 3.3 వంతులు, సహకార సంఘాలది 3.1 వంతులు. వృత్తిగా వడ్డీవ్యాపారం చేసేవారిది ఒక్కటే నూటికి 44.8! డెబ్బై ఏళ్ల చట్టం చేసిన ఉపకారం అంతే.

తీరానికి మరో బెడద తుపాను. 1927 నవంబరులో నెల్లూరును కొట్టింది, 1984 నవంబరులో మళ్లీ మన తీరాన్నే దాటింది. 1977లో దివిసీమ ఉప్పెన తరువాత ఒడ్డున సరుగుడు తోపులు పెంచడానికి సర్కారు సొమ్ము పెట్టింది. అదే సర్కారువారి మరో చేయి 1990ల ప్రాంతంలో రొయ్యల చెరువులకు సబ్సిడీ ఇచ్చింది. ఉప్పునీరు పక్క పొలాలకు ఊరుతున్నదని గోల లేచి, సుప్రీంకోర్టు దాకా పోయి, 1996 డిసెంబరులో తీర్పు వచ్చినది. ఒక చేత్తో చెట్టు నాటి, మరో చేత్తో ఉప్పు పోసినట్లయింది. ఇది నా అభిప్రాయం, కోపగించుకోకండి.

అమెరికాలో దుమ్ము తుపానులు రేగిన తరువాత 1935లో నేల సంరక్షణ శాఖ పెట్టారు. అక్కడ మంచు పడే చోట్ల రైతు పొడవాటి ప్లాస్టిక్ కప్పు కింద కూరగాయలు పండించుకోవడానికి కూడా ఖర్చులో వాటా ఇస్తున్నారు. కౌలుదారు కూడా అడగవచ్చు, అయితే ఒప్పందం గడువంతా ఆ నేల తన చేతిలో ఉంటుందని చూపాలి.

మన ఇసుకలో దొరువు ఉన్నది కదా! గుంట తవ్వితే ఉప్పునీటి మీద తేలే మంచినీరు ఊరుతుంది, కుండలతో ముంచి నారుకు పోస్తాం. మరీ లోతుకు పోతే ఉప్పే. బాపట్లలో ఉప్పునీటి మీద పరిశోధన చేసేవారు చిల్లుల గొట్టాలు పక్కకు పరచి ఆ పైనీటినే మెల్లగా తీసుకొనే తీరు చూపారు. 2003 నవంబరులో రాష్ట్రంలో సూక్ష్మసేద్య పథకం వచ్చి, డ్రిప్పుకు పెద్ద సబ్సిడీ దొరికింది. ఇవన్నీ పాసుపుస్తకం ఉన్నవాడికి సుళువు. కౌలు రైతుకో?

2011లో కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చే చట్టం చేశారు. 2019లో దాని స్థానే పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చినది. అందులో పత్రానికి గడువు పదకొండు నెలలు, దాని మీద యజమాని సంతకం కావాలి. 1883 నాటి సమ్మతే మళ్లీ వచ్చి కూర్చుంది! భూమి చేజారుతుందేమోనని యజమానులు సంతకానికి వెనుకాడారు. పంట అప్పుకు పదకొండు నెలలు సరిపోవచ్చును గాక, సరుగుడు కోతకు రావాలంటే నాలుగైదేళ్లు పడుతుంది. దొరువులో గొట్టం వేసినవాడు మరుసటి ఏడాది ఆ నేలలో ఉంటాడో లేదో అతనికే తెలియదు. అటువంటివాడు వచ్చి సంతకం అడిగితే, నేల గలవారు కనీసం కాగితం చదివి చూడండి. అది సాగుకు ఇచ్చే హక్కే గాని, భూమికి ఇచ్చే హక్కు కాదని అందులోనే రాసి ఉన్నది.