ఒమాన్ కొండల మీద ఖరీదైన ఏకాంతం: బుక్ చేసే ముందు తెలియాల్సినవి

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో మస్కట్ వస్తున్నారనగానే మన వాళ్ల గ్రూపుల్లో మొదట వచ్చే ప్రశ్న, "జబల్ అఖ్దర్ హోటల్‌కు తీసుకెళ్లొచ్చా? అంత డబ్బు పెట్టడం దండగేమో?" అని. ఈమధ్య దుబాయ్, దోహాల నుంచి కూడా ఇదే అడుగుతున్నారు. ఏడాదిలో ఒకసారి పెట్టే ఖర్చు, పైగా పెద్దవాళ్లతో ప్రయాణం. అందుకే నాకు తెలిసినవి ఒకచోట రాస్తున్నాను.

జబల్ అఖ్దర్ అంటే పచ్చకొండ. పేరు విని కేరళలా ఉంటుందనుకుని వెళ్తే నిరాశే. అక్కడ ఏడాదికి పడే వాన సుమారు 300 మిల్లీమీటర్లు, మన అనంతపురంలో పడేదానికన్నా తక్కువ. కొండంతా రాయి. మధ్యమధ్యలో మెట్లుమెట్లుగా చెక్కిన చిన్న మడులు, వాటిలో దానిమ్మ, గులాబీ, అక్రోటు. ఆ మడులకు నీళ్లు తెచ్చేవి ఫలజ్ అనే సన్నటి కాలువలు. మోటారు లేదు, వాలే ఆధారం. ఏ తోటకు ఎంతసేపు నీళ్లన్నది ఊరివాళ్లు వంతులు వేసుకుంటారు. ఒమాన్‌లోని ఐదు ఫలజ్‌లను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో ఒకటైన ఫలజ్ అల్ ఖత్మీన్ ఈ కొండ కిందే, బిర్కత్ అల్ మౌజ్ ఊళ్లో ఉంది. పైకి వెళ్లే దారిలోనే కాబట్టి పది నిమిషాలు ఆగి చూడండి.

ఇక చల్లదనం. సైక్ పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 2,000 మీటర్ల ఎత్తు. తిరుమల కొండకు రెండింతలు పైనే, ఊటీకన్నా కొంచెం తక్కువ. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఆ లెక్కన మస్కట్‌లో 43 ఉన్న రోజు పైన 30 చిల్లర. రాత్రి ఏసీ అక్కర్లేదు. జూన్‌లో అమ్మానాన్నలు వచ్చి ఇంట్లోంచి కాలు బయటపెట్టలేక కూర్చున్నప్పుడు ఈ తేడా విలువ తెలుస్తుంది. డిసెంబర్, జనవరిల్లో మాత్రం రాత్రులు సున్నా దగ్గరికి దిగుతాయి. స్వెట్టర్, మంకీ క్యాప్ లేకుండా పెద్దవాళ్లను తీసుకెళ్లొద్దు. ఒక చిన్న సంగతి: ఆ ఎత్తులో నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. గదిలో కెటిల్‌తో పెట్టిన టీ డికాక్షన్ పలచగా వస్తే టీపొడిని తిట్టుకోకండి, ఇంకో రెండు నిమిషాలు ఉంచండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగే బయల్దేరాలి. సైక్‌లో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నా, పెద్ద ఆసుపత్రి కోసం కొండ దిగి నిజ్వా వెళ్లాల్సిందే.

కొండమీద పేరున్న హోటళ్లు రెండు. 2014లో తెరిచిన ఆలిలా, 2016లో తెరిచిన అనంతర. రెండూ లోయ అంచునే ఉన్నా, స్వభావం వేరు. ఆలిలా సైక్ ఊరు దాటి చాలా దూరం వెళ్లాక వస్తుంది. అక్కడి రాయితోనే కట్టారు కాబట్టి దూరం నుంచి చూస్తే కొండకూ హోటల్‌కూ తేడా తెలియదు. చుట్టుపక్కల దుకాణం లేదు, మనిషి అలికిడి లేదు. చదువుకుంటూ, లోయను చూస్తూ కూర్చునే జంటకు బాగుంటుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు వాళ్ల వయసు చెప్పి, గదికీ ఈతకొలనుకూ నిబంధనలేమిటో ముందే అడగాలి.

అనంతరలో గదులు, విల్లాలు కలిపి 115. ఊళ్లకు దగ్గర, ఆటపాటలెక్కువ, నడక దారులున్నాయి. 1986లో బ్రిటన్ యువరాజు చార్లెస్, డయానా ఈ కొండకు వచ్చినప్పుడు నిలబడి చూసిన చోటును డయానా పాయింట్ అంటారు. అది ఇప్పుడు ఈ హోటల్ ఆవరణలో ఉంది. సూర్యాస్తమయం వేళ అక్కడినుంచి ఎదురు కొండ మీది ఊళ్లు, వాటి కింద మడులు ఒక్కొక్కటే నీడలోకి వెళ్లడం చూడొచ్చు. అమ్మానాన్నలతో అయితే నా ఓటు దీనికే. అయితే ఇంత ఖరీదు పెట్టి వెళ్లి పొద్దంతా టీవీ ముందు కూర్చునే కుటుంబాలూ ఉన్నాయి. వాళ్లకు నిజ్వాలో మామూలు హోటల్ చాలు!

డబ్బు సంగతి సూటిగా చెప్పుకుందాం. ఈ రెండింటిలో రాత్రికి వంద రియాళ్ల లోపు గది దొరికితే అదృష్టమే. రియాల్ అంటే 2.60 డాలర్లు. బుకింగ్‌లో కనిపించే ధర పక్కన "ప్లస్ ప్లస్" అని ఉంటే, సర్వీస్ చార్జి, మున్సిపాలిటీ, టూరిజం పన్నులు, 5 శాతం వ్యాట్ విడిగా పడతాయని అర్థం. నలుగురి భోజనాల బిల్లు కూడా దానికి కలిపి చూసుకోండి. పక్కన ఇంకో హోటల్‌కు వెళ్లి తిందామనే వీలు ఉండదు, అందుకే టిఫిన్‌తో పాటు రాత్రి భోజనం కూడా కలిసిన ప్యాకేజీ చాలాసార్లు చవక. ఇక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. గురువారం రాత్రి ధర ఎక్కువ, ఆదివారం రాత్రి తక్కువ. మనలాంటి రెసిడెంట్ కార్డువాళ్లకు వేసవిలో తరచూ తగ్గింపు ఇస్తారు, కానీ అడిగితేనే.

శాకాహారం గురించి భయం అక్కర్లేదు. పప్పు, అన్నం, పెరుగు అని ముందురోజే ఫోన్ చేసి చెబితే చేసిపెడతారు. "వెజిటేరియన్" అంటే సరిపోదు. గుడ్డు, చేప, మాంసం ఉడికించిన నీళ్లు కూడా వద్దని విడివిడిగా చెప్పండి. సూపుల దగ్గరే పొరపాట్లు జరిగేది. గదిలో కరెంటు కుక్కర్ పెట్టొద్దు, పొగ అలారం మోగుతుంది. కారప్పొడి, ఆవకాయ సీసా తెచ్చుకుంటే ఎవరూ ఏమీ అనరు.

దారి గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మస్కట్ నుంచి బిర్కత్ అల్ మౌజ్ దాదాపు 140 కిలోమీటర్లు, మంచి హైవే. అక్కడ కొండ మొదట్లో పోలీసు చెక్‌పోస్టు ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కాకపోతే పైకి పంపరు. లైసెన్స్, ముల్కియా చూపించాలి. పైకి రోడ్డు తారుదే, వెడల్పుగానే ఉంది. మరి ఈ నిబంధన ఎందుకంటే, ఎక్కడం కోసం కాదు, దిగడం కోసం. అంత వాలులో మామూలు కారును బ్రేకు మీద కాలుపెట్టి దించితే, చలనశక్తి అంతా వేడిగా మారి బ్రేకులు కాగిపోతాయి, ఆ తర్వాత పట్టవు. దారి పక్కన కంకర పోసిన ఎదురెక్కుడు దార్లు కనిపిస్తాయి, అవి బ్రేకు పోయిన బండ్లు ఎక్కి ఆగడానికే. సొంత ఫోర్ వీల్ లేకపోతే చిన్న కారు కిందనే పార్కు చేసి, హోటల్ బండినో, అక్కడి స్థానిక డ్రైవరునో మాట్లాడుకోవచ్చు. కొండ మలుపులు అలవాటు లేనివాళ్లకు నేను చెప్పేది ఇదే. అద్దె బండి అయితే ఇన్సూరెన్స్ ఆ కొండకు వర్తిస్తుందో లేదో కాగితంలో చూసుకోండి.

ఆకాశం మబ్బు పట్టి, వాతావరణ శాఖ హెచ్చరిక ఇచ్చిన రోజు ప్రయాణం మానుకోండి, గది డబ్బు పోయినా సరే. ఇక్కడి నేల నీటిని పీల్చదు. ఎక్కడో కొండమీద కురిసిన వాన, మీ నెత్తిన చుక్క పడకుండానే వాదీలో వరదై వస్తుంది. 2024 ఏప్రిల్‌లో అలాంటి వరదల్లో బడిపిల్లలు కూడా పోయారు. పారుతున్న వాదీలోకి బండి దించితే జరిమానా, జైలు రెండూ ఉంటాయి. డబ్బు తిరిగిచ్చే షరతు ఉన్న బుకింగ్ కాస్త ఎక్కువైనా తీసుకోమనేది ఇందుకే.

ఎప్పుడు వెళ్లాలంటే, గులాబీల కోసం మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా. తెల్లవారుజామున పూలు కోసి, మట్టి పొయ్యిల మీద కుండల్లో కాచి పన్నీరు తీస్తారు. ఆవిరిని చల్లబరిచి పట్టడం, మన కాలేజీ ల్యాబులో చేసిన డిస్టిలేషనే! పొగ తగిలి తీసింది కాబట్టి అంగడి పన్నీరులా తియ్యటి వాసన రాదు, కాస్త పొగవాసన ఉంటుంది. దానిమ్మలకైతే సెప్టెంబర్, అక్టోబర్. అల్ అక్ర్ నుంచి అల్ ఐన్ మీదుగా షిరైజా దాకా మడుల గట్లమీద నడక చాలా బాగుంటుంది, కానీ మెట్లెక్కువ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను పైన వ్యూపాయింట్ దగ్గరే కూర్చోబెట్టండి. ఊళ్లలో మనుషులుంటున్నారు. ఆడవాళ్లను ఫొటో తీయొద్దు, భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి.

దుబాయ్ వైపు ఉన్నవాళ్లకు ఇంకో చోటు ముసందంలోని జిఘీ బే, సిక్స్ సెన్సెస్ వాళ్లది. దుబాయ్ నుంచి రెండు గంటల దారి. కావాలంటే కొండమీంచి పారాగ్లైడర్‌లో శిక్షకుడితో పాటు హోటల్లో దిగొచ్చు. అది ఒమాన్ నేల కాబట్టి పాస్‌పోర్టు వివరాలు హోటల్‌కు ముందే పంపాలి. ధర జబల్ అఖ్దర్ కన్నా చాలా ఎక్కువ. సలాలాలో జూన్ ఆఖరు నుంచి సెప్టెంబర్ దాకా వచ్చే తుంపర కాలాన్ని ఖరీఫ్ అంటారు, మన రైతుల నోట్లో ఉన్న మాటే. అప్పుడు అక్కడ గదులకు గిరాకీ విపరీతం.

ఇంత ఖర్చు వద్దనుకుంటే అల్ హమ్రా దగ్గర మిస్ఫాత్ అల్ అబ్రియీన్ ఉంది. ఊరివాళ్లే తమ పాత మట్టి ఇళ్లను అతిథి గృహాలుగా మార్చి నడుపుతున్నారు. కిటికీ కింద ఫలజ్ పారుతుంటుంది, చుట్టూ ఖర్జూర తోట. ఏకాంతం అక్కడా దొరుకుతుంది, ఆలిలా ధరలో చిన్న భాగానికే. బాత్‌రూమ్ గదికి ఆనుకునే ఉందో లేదో మాత్రం బుక్ చేసేటప్పుడే అడగండి, ఇరుకు మెట్లు కూడా ఉంటాయి. ఈ ఊరికి ఫోర్ వీల్ అక్కర్లేదు, మామూలు కారులోనే వెళ్లొచ్చు.