బెజవాడ రైలు కూడలి

రైలు రాకపూర్వమును బెజవాడ పేరు పొందిన ఊరే. ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మ వెలసిన క్షేత్రమది. 1852లో ప్రారంభమై 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్టవలన కాలువలు పారినవి. డెల్టా ధాన్యము పడవలపై సాగినది. అయినను ఆ క్షేత్రమును ఆంధ్రదేశమునకు నాలుగు తెరవుల కూడలిగా చేసినది ఇనుపదారియే.

ఆ స్టేషను ఆరంభము 1888 నాటిది. పడమట గుంతకల్లునుండి నంద్యాల, గుంటూరుల మీదుగా సదరన్ మరాఠా కంపెనీవారి దారి వచ్చెను. 1886 నాటికి వరంగల్లు చేరిన నిజాము రాజ్యపు దారి 1889లో బెజవాడవరకు పొడిగింపబడెను. ఇల్లెందు బొగ్గు తీరమండలములకు దిగివచ్చుటకు ఇదియే త్రోవ. 1893-96 నడుమ ఈస్టుకోస్టు రైల్వే ఇచటినుండి కటకమువరకు వ్యాపించెను. గోదావరిపై వంతెన 1900లో గాని తెరువబడలేదు. 1899లో మదరాసు దారి కలియుటతో దక్షిణోత్తరములకు లంకె కుదిరెను. 1929లో కాజీపేట-బలార్షా మార్గము పూర్తికాగా ఢిల్లీ-మదరాసుల దగ్గరి దారియు బెజవాడమీదుగనే ఏర్పడెను.

ఇన్ని దారులు కలిసినంతమాత్రమున రాకపోకలు సుకరములైనవని తలంపరాదు. నిజాము దారియు, ఈస్టుకోస్టు దారియు అయిదడుగుల ఆరంగుళముల వెడల్పుగలవి. గుంతకల్లు దారియు, 1908లో వచ్చిన బందరు దారియు మీటరుగేజివి. ఒకదానిపై నడచు బండి వేరొకదానిపై నడువదు. బందరునుండి వచ్చిన బస్తా సికిందరాబాదు పోవలెనన్న, బెజవాడలో ఒక పెట్టెనుండి దింపి మరియొక పెట్టెలోనికి ఎక్కింపవలసినదే. ఆ బరువంతయు కూలీల వీపుల మీదనే పడెడిది. పట్టాలు కలిసిన ఊరనే ఖ్యాతి వెనుక, కలియని కొలతల భారమును మోసినవారి చెమట కలదు. చరిత్రలో వారి పేర్లు లేవు. పిదప ఈ మీటరుగేజి దారులు పెద్దగేజిగా మార్చబడినవి. కంపెనీల పాలన పోయి, 1951లో దక్షిణ రైల్వేయు, 1966లో దక్షిణమధ్య రైల్వేయు ఏర్పడినవి.

కూడలి మోసినది ధాన్యమును బొగ్గును మాత్రమేకాదు. 1914 ఏప్రిల్ 10వ తేదీన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మొదటి మహాసభ, అయ్యంకి వేంకటరమణయ్యగారి కృషివలన, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతను బెజవాడలోనే సమావేశమైనది. 1921లో అఖిల భారత కాంగ్రెసు సంఘమును అచటనే కూడినది. పింగళి వెంకయ్యగారు జెండా నమూనాను గాంధీజీకి సమర్పించినది ఆ సందర్భముననే. నాలుగు దిక్కులవారు సులభముగ చేరగల ఊరగుటయే ఇట్టి సభలకు అనుకూలించెననుటలో సందేహము లేదు.

మన గ్రామ గ్రంథాలయమువంటి సంస్థలను ఒక్కత్రాట గ్రుచ్చిన ఆ సభ రైలు కూడలిలో జరుగుట మనము తలచుకొనదగిన విషయము. పట్టాలు ఊళ్లను కలిపినవి. పుస్తకములు మనుజులను కలుపుచున్నవి. అయితే, కొలత కలియనిచో దారి కలిసియు భారము తగ్గదని బెజవాడ స్టేషను నేర్పిన పాఠము. ఈ రజతోత్సవవేళ, గ్రంథాలయపు మెట్లెక్కు ప్రతివానికిని ఒకే కొలతతో తలుపు తెరచియుంచుట మన విధి.