ఎవరో గీసిన బరిలో మేరీ కోమ్

స్త్రీల ఆత్మకథల్లో శరీరం ఎక్కడెక్కడ కనిపిస్తుందో చూస్తే, ఎక్కువగా జబ్బులో, పురుటినొప్పుల్లో, తిన్న దెబ్బల్లో కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి సాధన చేసి ఒక విద్యను వంటబట్టించుకున్న శరీరం గురించి చదవడం అరుదు. 2013లో వచ్చిన మేరీ కోమ్ ఆత్మకథ ‘అన్‌బ్రేకబుల్’ నన్ను ఆకర్షించింది అందుకే. ఆ పుస్తకంతో పాటు ఆమె బౌట్ల వీడియోలు కూడా వెతుక్కుని చూశాను. మేరీ కోమ్ అనగానే మనం పతకాలు లెక్కపెడతాం, ఆమె మాతృత్వాన్ని పొగుడుతాం. ఆమె ఎలా ఆడిందో మాత్రం మాట్లాడుకోం. ఒక కవయిత్రి జీవితం గురించి వ్యాసాలు రాసి, ఆమె కవిత్వాన్ని వదిలేయడం లాంటిదే ఇది.

మణిపూర్‌లోని చురాచాంద్‌పూర్ జిల్లా, కాంగథై గ్రామం ఆమెది. కోమ్ తెగ చాలా చిన్నది. తల్లిదండ్రులు పరాయి పొలాల్లో కష్టపడి పిల్లల్ని పెంచారు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మణిపూర్ కుర్రవాడు డింకో సింగ్ బాక్సింగ్‌లో స్వర్ణం గెలవడం ఆమెను ఆ ఆట వైపు తిప్పింది. 2000లో ఇంఫాల్‌లో శిక్షణ మొదలుపెట్టిన సంగతి ఇంట్లో చెప్పలేదు. రాష్ట్ర పోటీల్లో గెలిచాక పేపర్లో ఫోటో చూసి తండ్రికి తెలిసింది. ఒకప్పుడు కుస్తీ పట్టిన మనిషే ఆయన. అయినా, మొహం పాడైతే పిల్లకి పెళ్ళెలా అవుతుందని భయపడ్డాడు. ఈ భయం మనకు కొత్తదేమీ కాదు. ఆడపిల్ల మొహం ఆమె సొంతం కాదు, పెళ్ళిచూపుల కోసం ఇంటివాళ్ళు జాగ్రత్త చేసే ఆస్తి.

మేరీ కోమ్ ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఎడమచేతివాటం. అంటే కుడి కాలు, కుడి చెయ్యి ముందుంటాయి; బలమైన ఎడమ చెయ్యి వెనక కాచుకుని ఉంటుంది. తనకన్నా పొడుగైన వాళ్ళతో దూరం నుంచి పంచ్‌లు మార్చుకుంటే ఓటమి ఖాయం. అందుకని ఆమె ఎదుటి మనిషిని తన మీదికి రానిచ్చేది. సరిగ్గా అర అడుగు వెనక్కి జరిగేది. ఆ పంచ్ గాలిలో పోయి, కొట్టిన మనిషి బరువు ముందుకు తూలిన క్షణంలో ఎడమ చెయ్యి తిన్నగా దూసుకెళ్ళేది. వెంటనే రెండోది, మూడోది. ఎదుటివాళ్ళు తేరుకునేలోగా పక్కకి తప్పుకునేది. వెనక్కి తగ్గమని ఆడవాళ్ళకి అందరూ చెప్తారు. ఆమె తగ్గడం మాత్రం కొట్టడానికి తీసుకున్న చోటు.

అప్పటి స్కోరింగ్ పద్ధతి కూడా ఈ ఆటకి నప్పింది. 2013 దాకా అమెచ్యూర్ బాక్సింగ్‌లో పాయింట్లను కంప్యూటర్ లెక్కించేది. అందులో చాలా ఏళ్ళు, అయిదుగురు జడ్జీల్లో కనీసం ముగ్గురు ఒక సెకను లోపు మీట నొక్కితేనే పాయింటు. దెబ్బ ఎంత గట్టిదన్నదానికన్నా ఎంత స్పష్టంగా తగిలిందన్నది ముఖ్యం.

2001లో స్క్రాంటన్‌లో స్త్రీలకు మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. అక్కడ ఆమెకు రజతం. తర్వాత 2002లో అంతాల్యా, 2005లో పొదోల్స్క్, 2006లో ఢిల్లీ, కవల పిల్లలు పుట్టిన మరుసటి ఏడు 2008లో నింగ్బో, 2010లో బ్రిడ్జ్‌టౌన్ - వరసగా అయిదు స్వర్ణాలు. ఇన్ని గెలిచినా ఒలింపిక్స్‌లో ఆమెకు చోటు లేదు, ఎందుకంటే అక్కడ స్త్రీల బాక్సింగే లేదు. 2009 ఆగస్టులో గానీ ఒలింపిక్ కమిటీ తలుపు తీయలేదు.

తీసింది కూడా ఓరగానే. 2012 లండన్‌లో మగవాళ్ళకు 10 బరువు విభాగాలు, 250 మంది బాక్సర్లు. ఆడవాళ్ళకు 3 విభాగాలు, 36 మంది. అన్నింటికన్నా తక్కువ విభాగం 51 కిలోలు. మేరీ ప్రపంచ స్వర్ణాలన్నీ 45, 46, 48 కిలోల్లో! అప్పుడే స్త్రీలు రింగ్‌లో స్కర్టులు వేసుకోవాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. చాలామంది బాక్సర్లు ఎదురుతిరిగితే చివరికి అది ఐచ్ఛికమైంది. బరువు విషయంలో మాత్రం ఐచ్ఛికం లేదు. ఒళ్ళు పెంచుకుని పై విభాగంలోకి వెళ్ళాల్సిందే. లండన్‌లో మొదటి బౌట్‌లోనే, అంతకుముందు 54 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయిన పోలండ్ బాక్సర్ కరొలినా మిహల్చుక్ ఎదురైంది. మేరీ 19-14తో గెలిచింది. సెమీస్‌లో నికోలా ఆడమ్స్ చేతిలో 6-11తో ఓడింది. వేగంలో తీసిపోని, చేతులు ఇంకా పొడుగైన మనిషి ముందు ఆ అర అడుగు చాలలేదు. ఆ కాంస్యాన్ని ఆమె తనది కాని బరువులో గెలిచింది.

2018లో ఢిల్లీలో ముగ్గురు కొడుకుల తల్లిగా మళ్ళీ 48 కిలోల్లో ఆరో ప్రపంచ స్వర్ణం గెలిచింది. కథ ఇక్కడ ఆపేస్తే అందరికీ హాయిగా ఉంటుంది. కానీ 2019 ఉంది.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2011లోనే జూనియర్ ప్రపంచ ఛాంపియన్. 2019 ప్రపంచ పోటీలకు 51 కిలోల్లో ట్రయల్ పెట్టకుండానే మేరీని ఎంపిక చేశారు. ఒలింపిక్ క్వాలిఫయింగ్ పోటీలకూ అదే జరిగేలా ఉందని తెలిసి, నిఖత్ క్రీడామంత్రికి బహిరంగ లేఖ రాసింది. అడిగింది ఒక్కటే, న్యాయమైన పోటీ. డిసెంబర్ 28న ట్రయల్ జరిగింది. మేరీ 9-1తో గెలిచింది, కానీ నిఖత్‌తో చెయ్యి కలపలేదు. మీడియాకి ఇద్దరాడవాళ్ళ తగువు దొరికింది.

ఈ ఘట్టాన్ని సోదరీత్వం పేరుతో దాటవేయలేను. మూసిన తలుపుల్ని తట్టి తట్టి లోపలికొచ్చిన మనిషి, తన వెనక ఇంకొకరు తడితే విసుక్కుంది. నిఖత్ అడిగింది న్యాయమే. అయితే వాళ్ళిద్దర్నీ ఒకే గుమ్మంలో నిలబెట్టింది ఎవరు? టోక్యోలోనూ స్త్రీలకు అన్నింటికన్నా తక్కువ విభాగం 51 కిలోలే. ఒక్కో విభాగంలో దేశానికి ఒక్కరే. 48 కిలోల మేరీకీ, 51 కిలోల నిఖత్‌కీ కలిపి ఒకే చోటు. మగవాళ్ళకి కూడా విభాగాలు తగ్గుతూ వచ్చాయి గానీ, ఆడవాళ్ళ చోటు మొదటి నుంచీ ఇరుకే. చోటు తక్కువైన చోట అక్కాచెల్లెళ్ళు కూడా మోచేతులతో తోసుకుంటారు.

తర్వాత జరిగింది ఇంకా ఆలోచించాల్సినది. నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది. పారిస్ ఒలింపిక్స్‌కు ఆ విభాగం లేదు, 50 ఉంది. ఈసారి ఒళ్ళు తగ్గించుకోవాల్సి వచ్చింది. 2023లో 50 కిలోల్లోనూ ప్రపంచ స్వర్ణం గెలిచింది. 2024 పారిస్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడిపోయింది. ఒలింపిక్స్ కోసం ఒకామె బరువు పెరిగింది, ఇంకొకామె తగ్గింది. అయితే ఆ పారిస్‌లో మగవాళ్ళకు 7 విభాగాలు, ఆడవాళ్ళకు 6. లండన్ నాటి 10, 3 తో పోలిస్తే ఇది చిన్న మార్పేం కాదు. స్త్రీల బాక్సింగ్ చరిత్ర రాయాలంటే పతకాల పట్టిక పక్కనే ఈ పట్టిక కూడా పెట్టుకోవాలి. మేరీ కోమ్ అర అడుగు ఎంత విలువైనదో అప్పుడే అర్థమవుతుంది.