మగ్గపు అట్టలు, గ్రంథపు నేత

భివండి పట్టణమందలి పద్మనగరము తెలుగు పద్మశాలీల నివాసస్థానము. కరీంనగరము మున్నగు తెలంగాణ ప్రాంతములనుండి వలస వచ్చిన నేతవారు అచ్చటి మరమగ్గములను ఆశ్రయించి జీవించిరి. ఆ వృత్తికిని నేటి కంప్యూటరు విద్యకును గల ఒక బాంధవ్యమును ఇచట పరిశీలింతము.

1804 ప్రాంతమున ఫ్రాన్సులోని లియాన్ నగరమున జాకార్డు తన మగ్గమును రూపొందించెను. అందు రంధ్రములు గల అట్టలు ఏ పడుగుపోగు పైకి లేవవలెనో నిర్ణయించును. గళ్లకాగితముపై డిజైను గీసి, దానిని బట్టి అట్టలకు రంధ్రములు కొట్టుదురు. పిమ్మట అట్టను సవరించి కాగితమును సవరింపకున్నచో రెంటికి పొత్తు చెడును. కాగితమును నమ్మిన కొత్తవాడు మోసపోవును.

కంప్యూటరు ప్రోగ్రాములకును ఇదియే చిక్కు. ప్రోగ్రాము మారును, దాని వివరణగ్రంథము మారదు. ఇందులకు డోనాల్డ్ క్నూత్ 1984లో ప్రకటించిన వ్యాసమున ఉపాయము చెప్పెను: రెంటిని ఒకే మూలమున వ్రాయవలెను. ఆ మూలమునుండి 'టాంగిల్' యంత్రమునకు వలయు ఆజ్ఞలను తీయును; 'వీవ్', అనగా నేత, చదువరికి గ్రంథమును సిద్ధపరచును. 2008లో స్ఫింక్స్, 2010లో రీడ్ ది డాక్స్ వెలసినవి. మూలము మారినప్పుడెల్ల గ్రంథమును మరల కూర్చి ప్రకటించు పని నేడు యంత్రమే చేయుచున్నది.

అయినను వ్రాయని దానిని ఏ యంత్రమును ప్రకటింపజాలదు. మన పెద్దల నేర్పు పెక్కు భాగము వారి చేతులలోనే యున్నది. మగ్గము పాతయినుమునకు అమ్ముడుపోయిన నాడు అదియు పోవును. ఆ మూలమును వారు ఉండగనే వ్రాసికొనుట మన విధి.