సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో వలస రైతుల నివాసాలు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద, పూర్వపు నల్గొండ జిల్లాలోని మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలో కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి వచ్చిన వ్యవసాయ కుటుంబాలు స్థిరపడ్డాయి. వీరిని వాడుకలో సెటిలర్లు అంటారు. వలస వచ్చినవారు ఒకేచోట చేరి నివసించడం వారి ఆర్థికాభివృద్ధికి తోడ్పడుతుందా, ఆటంకమవుతుందా అనే ప్రశ్నకు తెలుగునాట లభించే ముఖ్యమైన ఉదాహరణలలో ఇది ఒకటి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజన తరువాత కోదాడ, హుజూర్‌నగర్ సూర్యాపేట జిల్లాలో చేరగా, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉన్నది.

నేపథ్యం

సాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. అంతకు పూర్వం ఈ ప్రాంతంలో చెరువుల కింద తప్ప ఎక్కువగా జొన్న, సజ్జ, కంది, ఆముదం వంటి మెట్ట పైర్లే పండేవి. కృష్ణా డెల్టాలో మాత్రం 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తయిన నాటి నుండి కాలువ సేద్యం సాగుతున్నది. అందువలన డెల్టా భూమి ధర హెచ్చు, మెట్ట భూమి ధర తక్కువ. అక్కడ కొద్దిపాటి మాగాణి అమ్మిన రైతు ఇక్కడ అంతకు మించిన విస్తీర్ణం కొనగలిగేవాడు.

ఇరుప్రాంతాల వారి మాతృభాష తెలుగే. అయినను ఒకరు మద్రాసు రాష్ట్రపు పాలనలో, మరొకరు నిజాం పాలనలో పెరిగినవారు. యాస, భూమి పద్ధతులు, చదువు అవకాశాలు వేరు. కనుక దీనిని ప్రాంతీయ భేదంతో ఏర్పడిన స్థావరంగా పరిగణించవచ్చును.

కలిసి నివసించడం వల్ల మేలు

ముందుగా వచ్చిన కుటుంబం భూమి వివరాలు తెలుసుకొని బంధువులను, స్వగ్రామస్థులను పిలిపించుకోవడం ఇటువంటి వలసలలో సాధారణం. కొత్తగా వచ్చినవారికి పరిచయస్థుల మాట మీద చేబదులు, ఎరువు అరువు దొరుకుతాయి. భూమిని చదును చేసి మడులు కట్టడం, దమ్ము చేయడం, నీటిని వంతుల వారీగా పారించడం వంటి పనులలో ఒకరి అనుభవం మరొకరికి ఉపకరిస్తుంది. వరి సాగు విస్తరించడంతో మిర్యాలగూడ రాష్ట్రంలోని ప్రధాన బియ్యపు మిల్లుల కేంద్రాలలో ఒకటిగా ఎదిగింది. హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్న కోదాడ, సూర్యాపేట వ్యాపార కేంద్రాలుగా పెరిగాయి. అయితే సూర్యాపేట పరిసరాలకు మూసీ ప్రాజెక్టు వంటి ఇతర నీటి వనరులు కూడా ఆధారం.

పరిమితులు

ఈ మేలు అందరికీ సమానంగా దక్కదు. భూమి, పెట్టుబడి ఉన్న కుటుంబానికి బంధుబలం లాభాన్ని పెంచుతుంది. చేతిలో పైకం లేక కౌలుకు వచ్చినవానికి అదే బంధుత్వం అప్పుగా మారవచ్చును. తమవారి వద్దనే పని, తమవారి వద్దనే అప్పు అయినప్పుడు కూలి, వడ్డీ విషయంలో బేరమాడే అవకాశం తగ్గుతుంది. అందరూ వరి మీదనే ఆధారపడినందున, కాలువకు నీరు రాని ఏడు సాయం చేయవలసిన బంధువు కూడా అదే కష్టంలో ఉంటాడు.

స్థానికుల దృక్పథం

నీరు రాకముందే తక్కువ ధరకు భూమి అమ్ముకున్న స్థానికునికి, తరువాత పెరిగిన విలువలో భాగం దక్కలేదు. ఈ భయం పాతదే. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ వ్యవసాయ భూముల అమ్మకం ప్రాంతీయ మండలి అదుపులో ఉండాలనే అంశం చేర్చబడింది. 1969 ఉద్యమంలోను, 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడే వరకు సాగిన మలి ఉద్యమంలోను వలసదారుల విషయం చర్చకు వచ్చింది. వలసదారుల ఉన్నతిని మాత్రమే లెక్కించి, భూమి అమ్మినవారి స్థితిని విడిచిపెట్టిన అంచనా అసంపూర్ణం.

ఇతర ప్రాంతాలతో పోలిక

* నిజామాబాదు: 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద బోధన్, వర్ని ప్రాంతాలలో కోస్తా రైతులు స్థిరపడ్డారు. వారి నివాసాలను క్యాంపులు అంటారు.
* కర్ణాటక: తుంగభద్ర ఆయకట్టులోని సింధనూరు, గంగావతి ప్రాంతాలలోను ఇటువంటి క్యాంపులు ఉన్నాయి. అక్కడ కన్నడం నేర్చుకోవలసిన అవసరం అదనం.
* అమెరికా: మయామీ నగరంలోని క్యూబా వలసదారులను పరిశీలించిన విల్సన్, పోర్టెస్ (1980) స్వజనుల సంస్థలలో పని మేలు చేస్తుందన్నారు. శాండర్స్, నీ (1987) ఆ మేలు యజమానులకే గాని పనివారికి అంతగా దక్కదని వాదించారు.
* స్వీడన్: శరణార్థులపై 2003లో వెలువడిన ఎడిన్, ఫ్రెడ్రిక్‌సన్, ఓస్లండ్‌ల అధ్యయనం ప్రకారం నైపుణ్యం తక్కువ ఉన్నవారికి తమవారి మధ్య నివాసం ఆదాయాన్ని పెంచింది. ఆ సమూహం సంపన్నమైనదైతే మేలు హెచ్చు.

పై ఉదాహరణలను బట్టి, కలిసి ఉండడం ఒక్కటే ఉన్నతికి గాని, వెనుకబాటుకు గాని కారణం కాదని, సమూహం వద్ద ఉన్న భూమి, ధనం, విద్యలే ఫలితాన్ని నిర్ణయిస్తాయని గ్రహించవచ్చును.

తరువాతి తరం

మొదటి తరానికి ఆసరా అయిన స్థావరం, తరువాతి తరానికి బయటకు వెళ్ళే మెట్టుగా మారుతుంది. కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట పట్టణాలలో ఏర్పడిన కళాశాలలలో స్థానికుల పిల్లలు, వలస కుటుంబాల పిల్లలు కలిసి చదువుతున్నారు. భూమి పంపకంలో తగ్గే కొద్దీ హైదరాబాదులోను, విదేశాలలోను ఉద్యోగం వెతుక్కోవడం ఇరువురికీ అవసరమైంది.

ఇవి కూడా చూడండి

* నాగార్జునసాగర్
* నిజాంసాగర్
* పెద్దమనుషుల ఒప్పందం
* మిర్యాలగూడ